ఎర్ర గరప నేల, బోరు నీరు: బెట్టకు తట్టుకునే వరి రకం ఏదండీ?

#1 చీపురుపల్లి_బోరు
బోరు కింద రెండెకరాలు, ఎర్ర గరప నేల. సాయంత్రం నీరు కడితే పొద్దుటికి మడి పీల్చేస్తాది. పక్కనే చెరువు కింద ఇంకో ఎకరం, అది పల్లం. మూడింట్లోనూ 1001 రకం వరే వేస్తున్నాం. పుష్యమి కార్తెలో వాన తప్పిందంటే బోరు ఒక్కటే దిక్కు. పొట్ట దశకి వచ్చేసరికి అదీ తగ్గిపోతాది. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి జూన్‌లో 40 సెకన్లు పడితే ఆగస్టుకి నిమిషం. సహభాగి అంటున్నారు, డీఆర్‌ఆర్ 42 అంటున్నారు, ఇప్పుడు జన్యు సవరణ రకాలంటున్నారు. సూటిగా ఒక్క పేరు చెప్పండి, విత్తనం తెచ్చీసుకుంటాను.

#2 తాలుగింజ
ఒక్క పేరా? చూడు, ఇరవై పోస్టులైనా ఎవడూ చెప్పడు.

#3 చోడిఅంబలి
చోడి (రాగి) వెయ్యండి.

#4 తాలుగింజ
వచ్చీసినాడు. ఏ ప్రశ్నకైనా ఒకటే మందు.

#5 మడి_లెక్కలు
రకం సంగతి తర్వాత. మీరిచ్చిన డ్రమ్ము లెక్కలోనే సగం జవాబుంది.

40 సెకన్లకు 200 లీటర్లంటే సెకనుకు 5, గంటకు 18,000 లీటర్లు. ఎకరం మడిలో ఒక సెంటీమీటరు నీరు నిలవాలంటే దాదాపు 40,000 లీటర్లు కావాలి. 5 సెంటీమీటర్లు కట్టాలంటే 2 లక్షలు. అంటే మీ బోరు 11 గంటలు ఆగకుండా పొయ్యాలి. కరెంటు 9 గంటలు నిండా ఇచ్చినా ఎకరానికి 4 సెంటీమీటర్లే వస్తుంది.

ఇప్పుడు పోయేది చూడండి. ఎండకీ ఆకుకీ రోజుకు 5-6 మిల్లీమీటర్లు. గరప నేలలో కిందికి దిగేది దానికి రెట్టింపు అనుకుందాం. మొత్తం ఒకటిన్నర సెంటీమీటరు, ఎకరానికి రోజుకు 60,000 లీటర్లు, రెండెకరాలకు లక్షా ఇరవై వేలు. జూన్ బోరుకి అది ఆరు గంటల నలభై నిమిషాల పని. డ్రమ్ముకి నిమిషం పట్టే ఆగస్టు బోరుకి 10 గంటలు. కరెంటే 9 గంటలు! వాన లేని వారంలో నిలవ నీరు పెట్టడం మీ బోరు వల్ల కాదు, ఏ రకం వేసినా సరే. కిందికి దిగే ఆ సెంటీమీటరుని ఆపడమే మీ పని. రకం దాని తర్వాత.

#6 గెడ్డవార
ఐదో పోస్టాయన లెక్క బాగుంది గానీ గట్లు మర్సిపోనాడు. నీరు కిందికే కాదు, పక్కకీ పోద్ది. ఎండ్రకాయ బొరియలు, ఎలక కన్నాలు. గట్టు లోపలి మొహం పారతో సెక్కి, దమ్ము బురద తీసి గట్టుకి పూత ఎయ్యాల. దమ్ము రోజునే ఎయ్యాల, మూడు రోజులాగి ఎండిన మట్టి అంటిస్తే పెచ్చులూడిపోద్ది. ఈ పన్లు సెయ్యకండా రకం మార్సినా లాభం నేదు.

#7 నాగావళి_శివారు
పేర్లు అడిగారు కాబట్టి చెప్తాను. సహభాగి ధాన్ 2010లో జార్ఖండ్, ఒడిశాలకు విడుదలైంది. 105-110 రోజుల పంట, మెట్టకూ మెరక మడికీ సరిపోతుంది. డీఆర్‌ఆర్ ధాన్ 42 అంటే ఐఆర్ 64కే బెట్టను తట్టుకునే రెండు జన్యు భాగాలు సంకరంతో ఎక్కించి, 2014లో విడుదల చేసిన రకం. 115-120 రోజులు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇలాంటి రకాలు తీవ్రమైన బెట్ట పడ్డ ఏడాది మామూలు రకం కంటే హెక్టారుకు టన్ను అటూఇటూ ఎక్కువ ఇస్తాయి. ఎకరానికి 4 క్వింటాళ్లనుకోండి. నీరు బాగా ఉన్న ఏడాది ఆ తేడా కనపడదు. బెట్టకు తట్టుకోవడమంటే నీరు లేకుండా పండడం కాదు.

#8 చీపురుపల్లి_బోరు
అయితే 42 వేసీమంటారా?

#9 నాగావళి_శివారు
వెయ్యమనలేదు. మీ బెట్ట ఎప్పుడొస్తుందో చెప్పండి ముందు. నాటిన కొత్తలోనా, పొట్ట దశలోనా?

#10 తాలుగింజ
తొమ్మిది పోస్టులు. పేరు లేదు. నేను చెప్పినాను కదేటి.

#11 కార్తెలపట్టిక
9వ పోస్టు ప్రశ్నే అసలు ప్రశ్న. పిలకల దశలో బెట్ట పడితే పైరు వెనకబడుతుంది, తర్వాత నీరొస్తే కొంత కోలుకుంటుంది. అంకురం (లోపల వెన్ను పుట్టే దశ) నుంచి పూత దాకా పడితే మాత్రం కోలుకోదు. వెన్ను సగం పొట్టలోనే ఇరుక్కుంటుంది, వచ్చిన సగం తెల్లకంకి, తాలు.

పూత ఎప్పుడొస్తుందో వేలి మీద లెక్కపెట్టొచ్చు. రకం కాలంలో 30 రోజులు తీసేస్తే పూత. ఇంకో 30 తీసేస్తే అంకురం. జూన్ 25న నారు పోసిన 140 రోజుల రకానికి అంకురం సెప్టెంబరు 13, పూత అక్టోబరు 13, కోత నవంబరు 12. అదే రోజు పోసిన 120 రోజుల రకానికి అంకురం ఆగస్టు 24, పూత సెప్టెంబరు 23, కోత అక్టోబరు 23. అంటే మఖ, పుబ్బ, ఉత్తర కార్తెల వానలో పొట్ట, పూత రెండూ అయిపోతాయి, హస్త తప్పినా నష్టం తక్కువ. బెట్టకి తట్టుకోవడం ఒక పద్ధతి, బెట్టకి దొరక్కుండా తప్పించుకోవడం ఇంకో పద్ధతి. 1010, 1153, 1156 లాంటి 120 రోజుల రకాలు రెండో బాపతు. మన బోరు పొలాలకి నా ఓటు రెండోదానికే.

#12 ఉభాలరోజు
తప్పించుకోవడం బాగానే ఉంది, తుపాను మాటేటి? 2013లో ఫైలిన్ అక్టోబరు 12. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12. 2018లో తిత్లీ అక్టోబరు 11, అదీ మన పలాస దగ్గరే తీరం దాటింది. 11వ పోస్టు లెక్క ప్రకారం 120 రోజుల రకం ఆ వారానికి గింజ గట్టిపడుతూ, బరువుగా తలొంచుకుని ఉంటుంది. పడిపోయిందంటే నీటిలో మొలక. 140 రోజులది అప్పటికి పూతలో ఉంటుంది, అది ఇంకో రకం నష్టం అనుకో. పుప్పొడి కడిగేస్తుంది.

#13 కార్తెలపట్టిక
కాదనను. అందుకే జూన్ 25 కాక జూలై 10న వెయ్యమంటాను. 120 రోజులదానికి పూత అక్టోబరు 8, కోత నవంబరు 7.

#14 ఉభాలరోజు
సరిగ్గా తుపాను వారంలో పూత పెట్టావు బాబూ.

#15 కార్తెలపట్టిక
అవును, అది చూసుకోలేదు. సరే, జూన్ చివరే ఉంచండి. పడిపోని కాండం, నిద్రావస్థ (పండిన గింజ కొన్ని వారాలు మొలవకుండా ఉండడం) ఉన్న రకం కావాలి. విత్తనం కొనేటప్పుడు నిద్రావస్థ ఎన్ని వారాలో అడగండి, చాలామంది దిగుబడి ఒక్కటే అడుగుతారు. పండిన చేను పడిపోయి నీటిలో ఉంటే ముందు నీరు తీసేసి, లీటరుకు 50 గ్రాముల కల్లుప్పు కలిపి వెన్నుల మీద కొట్టండి, మొలక ఆగుతుంది. ఎకరానికి 200 లీటర్లకి 10 కిలోల ఉప్పు.

#16 గెడ్డవార
మరీ ఆలీసమైతే ఉల్లికోడు పురుగు వొదల్దు. ఆగస్టు సగం దాటినాక ఊడ్సిన మడి సూడండి, పిలక పిలకకీ ఉల్లికాడే. మన జిల్లా పురుగు మామూల్ది కాదు.

#17 నాగావళి_శివారు
నిజంగానే మామూలుది కాదు. ఉల్లికోడులో బయోటైపు 4 అనే తెగ 1986లో మన ఉత్తర కోస్తాలోనే బయటపడింది. వేరే చోట తట్టుకునే రకం ఇక్కడ లొంగిపోయింది. అందుకే పై రాష్ట్రం విత్తనం తెచ్చేముందు శ్రీకాకుళం దగ్గరి రాగోలు పరిశోధన స్థానంలో ఒక మాట అడగండి. బెట్టకి నిలబడి కోడుకి పడిపోతే లాభమేముంది?

#18 పైపుమేస్త్రి
రకం మీద ఎంతసేపైనా కొట్టుకోవచ్చు. 5వ పోస్టులోని ఆ దిగిపోయే సెంటీమీటరుకి చవకైన మందు పైపు. తడిపొడి పద్ధతి. మడిలో ఎప్పుడూ నీరు నిలవ ఉంచకుండా, నీరు నేల లోపలికి ఎంత దిగిందో పైపులో చూసి కట్టడం. నీరు 30 శాతం వరకు మిగుల్తుంది.

చేసే పని: 4 అంగుళాల పీవీసీ పైపు ముక్క, 30 సెంటీమీటర్లు. 6 అంగుళాలదైతే లోపల చెయ్యి పెట్టి మట్టి తియ్యడానికి వీలు. కింది సగానికి చుట్టూ 5 మిల్లీమీటర్ల కన్నాలు, రెండేసి సెంటీమీటర్ల దూరంలో. డ్రిల్లు లేకపోతే మేకు కాల్చి పొడవండి. కన్నాలున్న 15 సెంటీమీటర్లు నేలలో, మిగతా 15 పైకి. దిగ్గొట్టాక లోపలి మట్టి అడుగు కనపడేదాకా తీసెయ్యాలి. చాలామంది ఇది చెయ్యరు. మట్టి ఉంటే లోపల నీటి మట్టం తెలీదు.

సరిగా పడిందో లేదో చూడాలంటే మడిలో నీరున్నప్పుడు పైపు లోపల, బయట ఒకే మట్టం ఉండాలి. లోపల తక్కువుంటే కన్నాలు బురదతో మూసుకున్నాయి, పీకి కడిగి మళ్లీ పెట్టండి. లోపలి నీరు గబగబా జారిపోతుంటే పైపు దమ్ము కింది గట్టి పొరని చీల్చేసింది, చోటు మార్చండి.

నాటిన రెండు వారాల దాకా పల్చగా నీరుంచండి. ఆ తర్వాత నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడే మళ్లీ 5 సెంటీమీటర్లు కట్టండి. పూతకి వారం ముందు నుంచి పూత అయిన వారం దాకా మాత్రం పైపు మాట వినొద్దు, నీరు నిలవ ఉండాల్సిందే.

#19 తాలుగింజ
పైపు పెడితే సాయంత్రానికి కప్ప కాపరం పెడతాది.

#20 పైపుమేస్త్రి
పెడుతుంది. పైన పాత కొబ్బరి చిప్ప బోర్లించు.

#21 మడి_లెక్కలు
18లో ఒక సవరణ. 15 సెంటీమీటర్లు బంకమన్ను లెక్క. గరప నేల నీటిని పట్టి ఉంచదు, నీటి మట్టం 15కి దిగేసరికి పైన వేరున్న చోట పదును ఉండదు. 1వ పోస్టు నేలకి 10 దగ్గరే కట్టెయ్యాలి. నేలని బట్టి రెండు రోజులకో మూడు రోజులకో ఒక తడి పడుతుంది.

చెరువు కింద పల్లం మడికి భయం ఇంకోటి. బంకనేల ఎక్కువ ఆరితే బీటలిస్తుంది. వెంట్రుకంత బీట పర్వాలేదు. వేలు దూరేంత బీటయితే తర్వాత కట్టిన నీరు దాంట్లోంచి సూటిగా కిందికి పోతుంది, మిగుల్చుకున్నదంతా ఒక్క తడితో ఖర్చు.

#22 గెడ్డవార
మరి పైపు యాడ ఎయ్యాల? గట్టు పక్కనేస్తే సూడ్డానికి సులువు.

#23 పైపుమేస్త్రి
గట్టు నుంచి ఒక మీటరు లోపలికి, చెయ్యి అందేంత. గట్టు వారనే పెడితే ఊట నీరు చూపిస్తుంది. మరీ పల్లం మూల పెట్టినా తప్పే, మిగతా మడి ఎండిపోతుంటే అక్కడ పైపు నిండుగా ఉంటుంది. అసలు మడి ఎత్తుపల్లాలుగా ఉంటే ఏ పైపూ నిజం చెప్పదు. దమ్ము ఆఖరి చాలుకి పలక బాగా తోలండి. వీలుంటే వేసవిలో లేజరు లెవెలరు ఒక్కసారి పెట్టించండి.

#24 శివారు_మడి
ఇదంతా బోరున్న మారాజులకి. కాలువ శివారులో మడి నుంచి మడికి పారే నీరు మాది. పైవాడు మడి నింపుకుంటేనే కిందవాడికి. పైపు పెట్టి పది సెంటీమీటర్లు దిగిందని నేను చూసి ఏం చేస్తాను, ఎవరికి చెప్పుకుంటాను? వంతు వచ్చిన రోజు నిండా కట్టుకోవడమే.

#25 మడి_లెక్కలు
24 నిజమే. నీరు తిప్పుకునే చెయ్యి మీది కానప్పుడు పైపు ఉత్త థర్మామీటరే. మీకు పనికొచ్చేది గట్టు ఎత్తు. 20 సెంటీమీటర్ల గట్టు ఉంటే పడిన ప్రతి సెంటీమీటరు వాన ఎకరానికి 40,000 లీటర్లు, వంతుతో పనిలేని నీరు. గండి ఎత్తుగా కట్టుకోండి.

మీకు ఇంకో బాధ ఉంటుంది. కాలువ ఆలస్యమైతే ఆకుమడిలో నారు ముదిరిపోతుంది. 120 రోజుల రకానికి 25 రోజులు దాటిన నారంటే పిలకలు తగ్గినట్టే. తప్పదనుకుంటే దగ్గర దగ్గరగా, కుదురుకి 4-5 మొక్కలు పెట్టి నాటండి. నత్రజని సిఫారసు కంటే 25 శాతం పెంచి రెండు దఫాల్లోనే ఇవ్వాలి, 70 శాతం దమ్ములో, 30 శాతం అంకురం దశలో. నారు ఒక్కసారే పొయ్యకుండా పది రోజుల తేడాతో రెండు మళ్లు పోసుకోవడం ఇంకా మంచిది.

#26 ఎద_జల్లు
నాటడం దగ్గరే ఎందుకు ఆగిపోయారు అందరూ? దమ్ముకే ఎకరానికి 15-20 సెంటీమీటర్ల నీరు కావాలి, అంటే 6-8 లక్షల లీటర్లు. #1 బోరుకి ఎకరానికి నాలుగైదు రోజుల కరెంటు. పొడి దుక్కిలో గొర్రుతో ఎద పెట్టండి, అంటే నారు లేకుండా నేరుగా గింజే వెయ్యడం, ఆ నీరంతా మిగులు. మన మెరక పొలాల్లో తాతల నాటి పద్ధతే ఇది.

#27 ఉభాలరోజు
గరప నేలలో దమ్ము లేకపోతే నీరు నిలవదు. దమ్ము చేసేదే కింద పొర గట్టిపడ్డానికి. మిగిల్చిన 8 లక్షలు పంటకాలంలో దిగిపోతే ఏటి లాభం?

#28 ఎద_జల్లు
నీరు నిలబెడితే దిగిపోతుంది. ఎద పైరుకి నిలబెట్టకూడదు, జొన్నకి ఇచ్చినట్టు తడి ఇవ్వాలి. పదును ఉంటే చాలు. పూతప్పుడు మాత్రం తడి ఆరనివ్వకూడదు.

చేసే పద్ధతి చెప్తాను. లోతు 2-3 సెంటీమీటర్లు. 5 దాటితే పొట్టి రకాలు పైకి రావు, పైపైన పడితే పిట్టలకీ చీమలకీ. గొర్రుతో వేస్తే ఎకరానికి 15-20 కిలోలు, చేత్తో జల్లితే 30. విత్తనాన్ని ముందు లీటరుకు 10 గ్రాముల పొటాష్ కలిపిన నీటిలో, కిలోకి లీటరు చొప్పున, 16 గంటలు నానబెట్టి, నీడలో మళ్లీ మునుపటి బరువుకి వచ్చేదాకా ఆరబెట్టండి. మొలక ఒకేసారి వస్తుంది, చిన్న బెట్టకి నిలబడుతుంది. సరిగా ఆరకపోతే గొర్రు గొట్టంలో ఇరుక్కుంటుంది.

ఎప్పుడు వెయ్యాలన్నదే జూదం. మృగశిరలో ఒక్క జల్లుకి తొందరపడి వేస్తే మొలక వచ్చాక వారం ఎండ కాస్తుంది, అంతా పోతుంది. బోరుంది కాబట్టి మీకు ఆ భయం లేదు, ఒక తడి ఇచ్చుకుంటారు. ఉత్త వాన మీదైతే దుక్కి లోపలిదాకా తడిసిన వాన పడ్డాకే.

#29 తాలుగింజ
కలుపు సంగతి చెప్పకండా దాటేసినాడు, గమనించండి.

#30 ఎద_జల్లు
దాటెయ్యలేదు, ఊపిరి తీసుకుంటున్నాను.

ఎద వరిలో ఓడిపోయేది కలుపు దగ్గరే. నాటు మడిలో నీరే సగం కలుపుని ఆపుతుంది, ఇక్కడ ఆ కాపలా లేదు. విత్తిన 48 గంటల్లోపు పెండిమిథాలిన్ 30 శాతం ఎకరాకు 1 నుంచి 1.3 లీటర్లు, 200 లీటర్ల నీటిలో. నేల తడిగా ఉండాలి, పొడి మట్టి మీద కొడితే పొర ఏర్పడదు, డబ్బు దండగ. 15-20 రోజులకి, కలుపు 2-4 ఆకుల మీదున్నప్పుడు బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం 100 మిల్లీలీటర్లు, మర్నాడో ఆ మర్నాడో తడి. ఇది ఊద గడ్డికి బాగా పనిచేస్తుంది, కానీ లెప్టోక్లోవా అనే సన్నగడ్డికి పనిచెయ్యదు. అది కనపడితే సైహలోఫాప్ బ్యుటైల్ 10 శాతం 400 మిల్లీలీటర్లు. వెడల్పాకు ఎక్కువుంటే 2,4-డి సోడియం సాల్టు 80 శాతం 400-500 గ్రాములు, 25-30 రోజులకి. సైహలోఫాప్, 2,4-డి రెండూ ఒకే ట్యాంకులో కలిపి పని తప్పించుకోవద్దు, గడ్డి చావడం తగ్గిపోతుంది. వారం ఎడం ఇవ్వండి.

#31 శివారు_మడి
మొలక గింజ దమ్ములో జల్లేవాళ్లకి ఒక మాట. నాటు మడికి వాడే మామూలు ప్రెటిలాక్లోర్ డబ్బా తెచ్చి జల్లిన మడికి కొట్టకండి. కలుపుతోపాటు వరి మొలకా పోతుంది. సేఫ్‌నర్ (వరి మొలకని కాపాడే మందు) కలిపిన ప్రెటిలాక్లోర్ వేరే వస్తుంది, డబ్బా మీద చదవండి. కొట్టులో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

#32 గెడ్డవార
డ్రమ్ సీడరుతో (కన్నాల డ్రమ్ముతో మొలక గింజ సాళ్లలో రాల్సేది) ఏసేవోళ్లు మొలక పొడుగు రానివ్వకండి. 24 గంటలు నానబెట్టి, ఒక రాత్రి గోనెలో. ముక్కు తెల్లగా పొడిస్తే సాలు. ఏరు పొడుగైతే కన్నంలోంచి రాలవు, సాలు కాళీ. డ్రమ్ముని నిండా పొయ్యకండి, మూడొంతులే.

#33 కార్తెలపట్టిక
డ్రమ్ సీడరు వేసిన రాత్రి గట్టి వాన పడితే గింజంతా పల్లం మూలకి చేరుతుంది. వేసేముందు నీరు బయటికి పోయే కాలవలు తీసి పెట్టుకోండి. ఆకాశం చూసుకుని వెయ్యండి.

#34 చీపురుపల్లి_బోరు
ఎద గురించి ఒక అనుమానం. పక్క పొలంలో ఎద వరి నెల రోజులకి కొత్తాకు తెల్లగా పాలిపోయింది. యూరియా వేసినా పచ్చబడలేదు.

#35 మడి_లెక్కలు
అది నత్రజని లోపం కాదు, ఇనుము. ముదురాకు పసుపైతే నత్రజని, కొత్తాకు తెలుపైతే ఇనుము. నీరు నిలిచిన మడిలో ఇనుము కరిగి వేరుకి అందుతుంది, ఆరిన గరప నేలలో అందదు. లీటరుకు 5-10 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి అప్పటికప్పుడు కొట్టాలి, నిలవ ఉంచితే రంగు మారి పనిచెయ్యదు. వారం తేడాతో రెండు మూడు సార్లు. మధ్యలో ఒక నిండు తడి ఇస్తే సగం తగ్గిపోతుంది. ఆకు మీద తుప్పు మచ్చలైతే జింకు: లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్. లేదా దమ్ములోనే ఎకరాకు 20 కిలోలు, మూడు పంటలకోసారి. సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపి వెయ్యొద్దు.

#36 పైపుమేస్త్రి
యూరియా మాట వచ్చింది కాబట్టి. తడిపొడిలో యూరియా ఎప్పుడు? తడి కట్టే ముందు, ఆరిన నేల మీద జల్లి వెంటనే నీరు కట్టాలి. నీటితోపాటు వేరు దగ్గరికి దిగుతుంది.

#37 కార్తెలపట్టిక
మేం విన్నది వేరే. నీరు తీసి బురద పదునులో జల్లి, 36-48 గంటలు ఆగి నీరు పెట్టాలని.

#38 మడి_లెక్కలు
రెండూ సరే, నేల స్థితి వేరు. బురద పదునులో వేస్తే యూరియా మట్టికి పట్టుకోవడానికి టైమివ్వాలి, వెంటనే నీరు పెడితే ఆ నీటిలో కరిగి గాలికి పోతుంది. పైన ఆరిన నేల మీద వేసి రెండు రోజులు ఆగితే ఎండకి ఆవిరవుతుంది, అందుకే వెంటనే తడి. నిలవ నీటిలో జల్లడం ఒక్కటే రెండు చోట్లా తప్పు. గరప నేలకి ఎక్కువసార్లు తక్కువ తక్కువ వెయ్యండి. పొటాష్ కూడా రెండు దఫాలు, దుక్కిలో సగం, అంకురానికి సగం. పొటాష్ తక్కువైన బెట్ట పైరుకి గోధుమరంగు మచ్చ తెగులు ముందు వస్తుంది.

#39 ఉభాలరోజు
జన్యు సవరణ రకాల మాట #1 అడిగారు, ఎవరూ ముట్టుకోలేదు. కొట్టుల్లో అవే పేర్లు చెప్పి ఏదైనా అమ్ముతారేమోనని భయం.

#40 నాగావళి_శివారు
2025 మే 4న రెండు ప్రకటించారు. డీఆర్‌ఆర్ ధాన్ 100, కమల అని పేరు, సాంబ మసూరి నుంచి వచ్చింది, దానికంటే ఓ 20 రోజులు ముందు కోతకొస్తుంది. పూసా డీఎస్‌టీ రైస్ 1, మన 1010 నుంచే, ఉప్పు నేలనీ బెట్టనీ తట్టుకోవడానికి. ప్రకటించడం వేరు, ధ్రువీకరణ ట్యాగు ఉన్న బస్తా చేతికి రావడం వేరు. ఆ పేరు చెప్పి ట్యాగు లేని సంచి ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

#41 చోడిఅంబలి
రెండెకరాల బోరులో ఒక ఎకరం వరి, ఒక ఎకరం చోడి. 5వ పోస్టు లెక్క మీద వేసి చూడండి: ఆగస్టు బోరుకి 10 గంటల పని 5 గంటలయింది. విజయనగరం పరిశోధన స్థానం నుంచి వచ్చిన చోడి రకాలున్నాయి, శ్రీచైతన్య, భారతి. నవ్వే ముందు లెక్క కట్టండి.

#42 తాలుగింజ
...ఈసారి లెక్క కరెక్టే. బాధగా ఉంది ఒప్పుకోడానికి.

#43 శివారు_మడి
చోడి అయినా, మినుమైనా, ఉలవైనా, ఆగస్టు సగం దాటి నారు నాటలేకపోతే వరి మీద పంతం వద్దు. అది మాత్రం నాదీ అదే మాట.

#44 చీపురుపల్లి_బోరు
సరే, ఇలా అనుకుంటున్నాను. పల్లం ఎకరంలో 1001 అలాగే ఉంచుతాను, చెరువుంది. బోరు కింద ఒక ఎకరం 120 రోజులది, జూన్ ఆఖర్లో గొర్రుతో ఎద, ఒక తడితో మొలిపించి. ఇంకో ఎకరం చోడి. పల్లం మడికి పైపు. తప్పులుంటే చెప్పండి.

#45 మడి_లెక్కలు
ఎద ఎకరం మొత్తం ఒకేసారి వద్దు. మొదటి ఏడాది 40 సెంట్లు ఎద, మిగతా 60 నాటు. కలుపు చేతికి చిక్కకపోతే నష్టం 40 సెంట్లతో ఆగుతుంది. నాటు ముక్కకి కూడా పైపు పెట్టండి, అక్కడ 10 దగ్గర కట్టాలి, పల్లంలో 15 దగ్గర. పైపుల మీద పెయింటుతో గీత గీసుకోండి, లేకపోతే రెండూ కలిసిపోతాయి.

#46 ఎద_జల్లు
40 సెంట్లా? నా పరువు తీశారు. సరే, ఆ 40 సెంట్లకి పెండిమిథాలిన్ అర లీటరు చాలు, లీటరు డబ్బా కొనకండి.

#47 గెడ్డవార
గట్టు పూత మర్సిపోకండి. అదొక్కటీ ఎవులూ మల్లా అన్నేదు.

#48 చీపురుపల్లి_బోరు
రాసుకున్నాను. పైపులు చీపురుపల్లిలో 6 అంగుళాలవి ముక్కలుగా అమ్మరు, మొత్తం పొడవు కొనాలంటున్నారు. 30 సెంటీమీటర్లవి ఎన్ని వస్తాయి?

#49 పైపుమేస్త్రి
6 మీటర్ల పైపుకి 20 వస్తాయి, రంపం పోతతో ఆఖరిది కాస్త పొట్టి. బోర్లు వేసేవాళ్ల దగ్గర, ప్లంబర్ల దగ్గర తెగిన ముక్కలు పడుంటాయి, ముందు అక్కడ అడగండి. కొనక తప్పకపోతే మిగతా 18 ఈ చర్చలో ఉన్నవాళ్లకి.

#50 తాలుగింజ
నాకొకటి. కొబ్బరి చిప్పతో సహా.